చెన్నక్క కూతుళ్ళు

ధర్మపురి ప్రభుత్వ ఆసుపత్రికి పిల్లల వైద్యురాలిగా నేను బదిలీ అయి వచ్చింది 2014 వేసవిలో. హోదా సివిల్ సర్జన్. పేరులో సర్జన్ ఉంది కదా అని కత్తి పట్టేవాళ్ళమని కాదు. తమిళనాడు ప్రభుత్వ వైద్యసేవలో అందరూ అసిస్టెంట్ సర్జన్లుగానే చేరతారు, ఏళ్ళు గడిచాక సివిల్ సర్జన్లవుతారు, రోజంతా దగ్గుమందు రాసేవాళ్ళయినా సరే.

మాది కృష్ణగిరి దగ్గర తెలుగు మాట్లాడే కుటుంబం. బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలు మా తాత పట్టుబట్టి పలక మీద దిద్దించాడు కాబట్టి ఇప్పుడిది రాయగలుగుతున్నాను. ధర్మపురి చుట్టుపక్కల కొన్ని వందల ఏళ్ళుగా స్థిరపడిన తెలుగువాళ్ళలో చాలామందికి ఆ అక్షరాలు రావు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు తెలిసిన డాక్టరమ్మ దొరికిందంటే వాళ్ళకు పండగే. నాకు మాత్రం తలనొప్పి. తమిళంలో రెండు ముక్కల్లో ముగించే రోగాన్ని తెలుగులో పుట్టుపూర్వోత్తరాలతో సహా చెప్పేవాళ్ళు. నాకు ఓపిక తక్కువ. అయినా ఆ పుట్టుపూర్వోత్తరాల వల్లే ఒకసారి ఒక పిల్లవాడి ప్రాణం దక్కింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

నేను వచ్చిన మరుసటి ఏడు ఆవణి నెల, తమిళుల శ్రావణం. ఆడి, అంటే ఆషాఢ నెలలో శుభకార్యాలు ఆపుకున్నవాళ్ళంతా ఆవణి రాగానే పెళ్ళిళ్ళకు, పిల్లలకు చెవులు కుట్టించడానికి ఎగబడతారు. చెవులు కుట్టడం అక్కడ చిన్న వేడుక కాదు. పందిరి, మైక్ సెట్, బంధువులు, భోజనాలు అన్నీ ఉండాలి. పిల్లవాడిని తాయిమామ, అంటే మేనమామ, ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. ఆచారి, అంటే కంసాలి, బంగారు తీగతో కుడతాడు. ఆ సీజన్లో మా ఓపీకి చీము పట్టిన చెవులు రావడం మామూలే.

మారండహళ్ళి నుంచి సుమతి అనే అమ్మాయి తన ఏడాది కొడుకుని తెచ్చింది. పిల్లవాడి చెవులకు కాఫీపొడి, పసుపు దట్టించి గుడ్డ కట్టి ఉంది. గుడ్డ తీస్తే రెండు తమ్మెల నుంచీ నెత్తురు ఊరుతోంది. చెవులు కుట్టించి అప్పటికి కొన్ని రోజులైంది. పిల్లవాడు పాలిపోయి, ఏడవడానికి కూడా శక్తి లేక తల్లి భుజం మీద వాలి ఉన్నాడు. నడుము మీద, మోకాళ్ళ మీద నీలి మచ్చలు. అవి ఎప్పటి నుంచి అని అడిగితే పాకడం మొదలుపెట్టినప్పటి నుంచి అని సుమతి చెప్పింది. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

ప్లేట్‌లెట్లు సరిగానే ఉన్నాయి. ఏపీటీటీ అనే పరీక్షలో మాత్రం నెత్తురు గడ్డకట్టడానికి పట్టాల్సిన దానికన్నా చాలా ఎక్కువ సమయం పట్టింది. వేరే ఊరి ల్యాబ్‌కు నమూనా పంపితే అనుకున్నదే తేలింది. నెత్తురు గడ్డకట్టడానికి వరసగా పనిచేసే పదార్థాలను మేము ఫ్యాక్టర్లు అంటాం. వాటిలో ఎనిమిదోది లోపిస్తే వచ్చే రోగం హీమోఫీలియా. జవాబు రాకముందే ప్లాస్మా ఎక్కించాం, తర్వాత ఫ్యాక్టర్ ఇంజెక్షన్ తెప్పించి ఇచ్చాం. పిల్లవాడు కోలుకున్నాడు.

పిల్లవాడు కోలుకున్నంత మాత్రాన మా పని అయిపోదు. ఈ లోపం తల్లి ద్వారా కొడుకుకు వస్తుంది. తల్లికి సాధారణంగా పైకి ఏమీ ఉండదు. ఆమెను వాహకురాలు అంటాం. వాహకురాలి కొడుకుల్లో కొందరికి రోగం వస్తుంది, కూతుళ్ళలో కొందరు మళ్ళీ వాహకులవుతారు. రోగం లేని కొడుకు దగ్గర మాత్రం అది ఆగిపోతుంది; అతని పిల్లలకు ఇక రాదు. కాబట్టి ఒక పిల్లవాడు దొరికితే, తల్లి వైపు ఇంకెంతమంది ఉన్నారో వెతకాలి. దానికి వంశపటం గీస్తాం. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్న. రోగమున్న చదరాన్ని నల్లగా నింపుతాం, వాహకురాలి సున్నలో చుక్క పెడతాం.

సుమతిని అడిగాను, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా అయిందా అని. లేదంది. పక్కనే ఉన్న అత్తగారు, మా ఇంట్లో ఏడు తరాల్లో ఇలాంటి నెత్తురు లేదు, ఇదంతా ఈ పిల్ల తెచ్చిందే అని గట్టిగా చెప్పింది. శాస్త్రం ప్రకారం ఆమె మాటలో తప్పు లేదు, అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. ఆమెను టీ తాగి రమ్మని బయటికి పంపాను.

అత్తగారు వెళ్ళాక సుమతి చిన్నగా చెప్పింది.

"ఇది చెన్నక్క కోపం డాక్టరమ్మా. మాయమ్మ ఉన్నన్నాళ్ళు ఏటా వెల్లిచందైకి గాజులు పంపేది. ఆమె పోయినాక నేను పంపలేదు. మరిచిపోయినాను."

చెన్నక్క ఎవరని అడిగాను. వెల్లిచందైలో ఒక చేని గట్టు మీద రాయి ఉందనీ, అక్కడ పూజ చేసే వాళ్ళది బండమీద వాళ్ళు అనే ఇంటిపేరనీ, వాళ్ళమ్మకు వాళ్ళమ్మకు వాళ్ళమ్మ, ఇంకా పైన ఎవరో, ఆ ఇంటి ఆడబిడ్డ అనీ సుమతి చెప్పింది. అంతకుమించి తెలియదు. ఆ రాయి మహిమ ఏమిటన్నాను, మాట కలపడానికి.

"ఏమో మా. వాళ్ళు మాత్రం మగబిడ్డలకు చెవులు కుట్టరు."

రాస్తున్న పెన్ను ఆగిపోయింది. చెవులు కుట్టని తెలుగువాళ్ళను ఆ జిల్లాలో నేను అంతవరకు చూడలేదు.

ఆ ఆదివారం ఉదయం నా కారులో వెల్లిచందై వెళ్ళాను. ఆసుపత్రి జీపు ఇలాంటి పనికి ఇవ్వరు, అడిగితే ఫైలు తిరుగుతుంది. నేను వస్తున్నట్టు సుమతి ముందే ఫోన్ చేసి చెప్పింది, కాకపోతే ఆమె చెప్పినదానికి అక్కడ అర్థమైనదానికి పొంతన లేదు. ధర్మపురి డాక్టరమ్మ నెత్తురు పరీక్ష చేయడానికి వస్తోందని ఆ ఇంటిపేరు మగవాళ్ళంతా స్నానాలు చేసి, చొక్కా చేతులు మడిచి, వరండా నుంచి టమాటా బుట్టల దాకా వరసలో నిలబడ్డారు. ముసలివాళ్ళు ముందు, కుర్రవాళ్ళు వెనక. ఒక్కరి చెవికీ రంధ్రం లేదు. ఆడవాళ్ళు లోపల నాకోసం వడలు చేస్తున్నారు.

ఇంటి పెద్ద తిమ్మరాయప్పకు అరవై దాటి ఉంటాయి. కూర్చోబెట్టి చెన్నక్క కథ చెప్పాడు. అక్కడి పెద్దలు పాత సంగతులన్నిటినీ 1876 నాటి ధాతు కరువుతో కొలుస్తారు, కరువుకు ముందు, కరువుకు వెనక అని. చెన్నక్క ఆ ఇంటికి కోడలిగా వచ్చింది కరువుకు ముందు. మొదటి కొడుక్కి చెవులు కుట్టిస్తే నెత్తురు నిలవక చనిపోయాడు. రెండోవాడూ అలాగే పోయాడు. మూడోవాడికి ముహూర్తం పెట్టిన రోజున ఆమె రోకలి పట్టుకుని గడపలో అడ్డంగా కూర్చుంది. నా బిడ్డ చెవికి తీగ తాకితే మీ తలలు పగులుతాయని మామగారికీ, ఆచారికీ కూడా చెప్పింది. ఆ కొడుకు బతికాడు, కరువునూ దాటాడు, అతని నుంచే ఇప్పుడున్న బండమీద వాళ్ళంతా వచ్చారు. ఆమె పోయాక చేని గట్టు మీద రాయి నిలిపి, మన ఇంటి మగబిడ్డకు చెవి కుట్టం అని మొక్కుకున్నారు. అప్పటి నుంచి ఎవరూ తప్పలేదని తిమ్మరాయప్ప గర్వంగా చెప్పాడు.

నేను వరసలో నిలబడ్డ వాళ్ళను చూశాను. బతికిన ఆ మూడో కొడుక్కి రోగమే లేదని, ఉంటే అంత గట్టిగా మిగిలేవాడు కాదని నాకు అనిపించింది. అతనికి లేకపోతే అతని వంశంలో ఎవరికీ రాదు. అంటే ఇన్ని తరాలుగా నిష్ఠగా చెవులు కుట్టించుకోని వీళ్ళలో ఒక్కరికీ ఆ మొక్కు అవసరం లేదు.

చెన్నక్కకు కూతుళ్ళు లేరా అని అడిగాను. ఉన్నారు, ఇద్దరు; సుమతి పెద్దదాని వైపు. వాళ్ళ పిల్లలకు చెవులు కుట్టారా అన్నాను. ఈ డాక్టరమ్మకు ఇంతమాత్రం తెలియదా అన్నట్టు తిమ్మరాయప్ప నన్ను చూశాడు. ఆడబిడ్డ పెళ్ళయి గడప దాటాక మెట్టినింటి మొక్కులే ఆమెవి. పుట్టింటి మొక్కును అక్కడికి మోసుకుపోతే రెండిళ్ళకూ అరిష్టం. అందుకని చెన్నక్క కొడుకులు ఎలా పోయారో కూతుళ్ళకు చెప్పనుకూడా చెప్పరు. ఏటా పూజకు ఆడబిడ్డల వైపు నుంచి గాజులు రావాలి, అంతవరకే వాళ్ళ వంతు.

మీకెవరికీ పరీక్ష అక్కర్లేదని వాళ్ళకు చెప్పాను. ఆ మాట చెబితే సంతోషిస్తారనుకున్నాను, వాళ్ళకు చిన్నతనం అయింది. వెనక వరసలో ఎవరో, అయితే ఈవిడ ఎందుకొచ్చినట్టు అని అన్నారు కూడా. నేను వంశపటం గీసిన కాగితం తీసి తిమ్మరాయప్ప ముందు పరిచాను. పైన చెన్నక్క. కింద పెద్ద కూతురు, ఆ వైపు చివర మారండహళ్ళి సుమతి, ఆమె కొడుకు. చిన్న కూతురి వైపు కాగితం ఖాళీగా ఉంది. వాళ్ళు ఎక్కడున్నారని అడిగాను.

లోపల వడల చప్పుడు ఆగింది.

"వాళ్ళతో మాకు పొత్తు లేదు" అన్నాడు తిమ్మరాయప్ప.

ముక్కలు ముక్కలుగా తెలిసిందేమిటంటే, ఆ వైపు పిల్ల ఒకామెను తిమ్మరాయప్పకే ఇవ్వాలని చిన్నప్పుడే అనుకున్నారు. మేనరికం వరస. లగ్నపత్రిక రాసుకునే రోజు దగ్గరికి వచ్చాక ఆ పిల్ల తల్లి వేరే సంబంధం చేసేసింది. ఈ ఇంటివాళ్ళు చెన్నక్క రాయి ముందు పసుపునీళ్ళు పోసి, ఇకమీదట ఆ ఇంటివాళ్ళ పేరు గానీ ఊరు గానీ నోట పలకమని ప్రమాణం చేశారు. గాజులు వస్తే తిప్పి పంపారు. మరుసటి ఏడు నుంచి గాజులు రావడం మానేశాయి.

నేను బతిమాలాను. అక్కడ ఏ పిల్లవాడికైనా ఆవణిలో చెవులు కుట్టిస్తే ఏమవుతుందో ఆలోచించమన్నాను. అది మా ఇల్లు కాదు, మా మొక్కు వాళ్ళకు వర్తించదు, కాబట్టి వాళ్ళకేమీ కాదు అని తిమ్మరాయప్ప అన్నాడు. మొండితనం అనుకుందామంటే కాదు, అతను మనస్ఫూర్తిగా అలాగే నమ్ముతున్నాడు. రోగం ఇంటిపేరుతో పోతుందని అతని లెక్క. నాకు ఒళ్ళు మండింది. ప్రమాణం చేసినవాళ్ళ చేత పోలీసులను పెట్టి చెప్పించలేను కదా. వడలు తినకుండా లేచాను. అక్కడ అది అవమానం చేసినట్టే, కావాలనే చేశాను.

కారు తలుపు తీస్తే అవతలి వైపు తలుపు కూడా తెరుచుకుంది. తిమ్మరాయప్ప అక్క గంగమ్మ, డెబ్బై ఏళ్ళ మనిషి, భర్త పోయాక పుట్టింట్లోనే ఉంటోంది. వరండా చివర టమాటాలు ఏరుతూ ఒక్క మాటా మాట్లాడని ఆమె, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ముందు సీటులో కూర్చుంది. ఎక్కడికని తమ్ముడు అరుగు మీద నుంచే అడిగాడు. డాక్టరమ్మతో అట్లా పోయొస్తానంది. కారు కదిలాక నేను ఊరి పేరు అడిగాను. ఆమె చెయ్యి ముందుకు చాపి చూపించింది.

"నోటితో చెప్పకూడదు మా. నేనూ నీళ్ళు పోసినాను. చెయ్యి చూపితే తప్పు లేదు. బిరీన పో."

ఎందుకంత తొందర అన్నాను. ఈ పొద్దే ఆ ఇంటి మనవడికి చెవులు కుట్టేది అని ఆమె చెప్పింది. రెండిళ్ళకూ కావలసిన బంధువు ఒకామె ఆ వేడుకకు చీర కొనడానికి పాలక్కోడు వచ్చినప్పుడు తనకు చెప్పిందట. ముహూర్తం ఎప్పుడంటే పది దాటినాక అంది. గడియారం చూస్తే తొమ్మిది ఎప్పుడో దాటింది.

ఆ ప్రయాణం ఇప్పటికీ నాకు గుర్తే. గంగమ్మ పేరూ ఊరూ చెప్పదు, మలుపు వచ్చేదాకా చెయ్యి కదపదు. ఎంత దూరం పోవాలో నాకు తెలియదు. పాలక్కోడు కూడలిలో ఎడమకు చూపింది. టమాటా లారీల వెనక పడ్డాం. దారిలో రైల్వే గేటు పడింది. గేటు దగ్గర ఆగినప్పుడు, ఆ చీర కొన్న బంధువుకు ఫోన్ చేయమన్నాను. ఆమె కొంగుముడి విప్పి తీసిన చీటీలోని నంబరు నేనే నొక్కి ఇచ్చాను. మోగుతోంది గానీ ఎత్తడం లేదు. మైక్ సెట్ పెట్టి ఉంటారు, యాడ వినబడతాది అంది గంగమ్మ. గూడ్సు బండి తాపీగా పోతోంది. నాకు ఆసుపత్రిలో పిల్లలు ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా అంత భయం వేయలేదు. అక్కడ చేయడానికి చేతికి ఏదో ఒక పని ఉంటుంది.

ధర్మపురి దాటాక సేలం హైవే ఎక్కమని చెయ్యి చూపింది. నల్లంపల్లి దగ్గర ఒక సందు మొదట్లో రెండు చేతులూ చూపింది. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. పందిరి, అరటి చెట్లు, మైకులో తమిళ పాట.

పిల్లవాడు మేనమామ ఒళ్ళో ఉన్నాడు. ఆచారి తీగను చందనంలో ముంచి తుడుస్తున్నాడు. తాయిమామ నేల మీద పీటపై కూర్చోవడం పద్ధతి. ఇక్కడ అతను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు, కుడి కాలు మడవకుండా ముందుకు చాపి. మోకాలు తొడ కన్నా లావుగా ఉంది. హీమోఫీలియా ఉన్నవాళ్ళకు కీళ్ళలో మాటిమాటికీ నెత్తురు చేరి, కొన్నేళ్ళకు కీలు అలాగే బిగుసుకుపోతుంది. ఆ కాలు చూస్తే నాకు పరీక్ష అక్కర్లేకపోయింది. తర్వాత అతని చెవులు చూశాను. ఎడమ చెవికి పాత రంధ్రం, దాని చుట్టూ గట్టిపడ్డ మచ్చ. కుడి చెవికి ఏమీ లేదు.

ఆపమని తమిళంలో గట్టిగా అన్నాను. ఆచారి ఆగాడు. పాట కూడా ఎవరో ఆపారు. పిల్లవాడి తాత, అంటే తండ్రి తండ్రి, ముందుకు వచ్చి మీరెవరు, మీకు పత్రిక ఇచ్చామా అని అడిగాడు. ఇవ్వలేదన్నాను. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టర్నని, ఈ పిల్లవాడికి నెత్తురు నిలవని రోగం ఉండవచ్చని, పరీక్ష చేసేదాకా సూది తాకకూడదని చెప్పాను. మా వంశంలో అలాంటిది లేదని ఆయన అన్నాడు. ఆవణిలో ఆ మాట వినడం అది నాకు రెండోసారి. ముహూర్తం దాటిపోతోంది, కానివ్వు అని ఆచారికి సైగ చేశాడు.

ఒక రోగి సంగతి పదిమంది ముందు అడగడం మా వృత్తి మర్యాద కాదు. అది నాకు తెలుసు. అక్కడ వేరే దారి లేదు, మళ్ళీ ఆ పరిస్థితి వస్తే మళ్ళీ అలాగే అడుగుతాను. కుర్చీలో ఉన్న మేనమామను, నీ రెండో చెవి ఎందుకు కుట్టించలేదని అడిగాను. అతని పేరు గోవిందు. అతను పందిరి స్తంభం పక్కన నిలబడ్డ తల్లి వైపు చూశాడు.

ఆమె మునెమ్మ. తిమ్మరాయప్పకు ఇస్తామని ఇవ్వకపోయిన పిల్ల ఆమే. పిల్లవాడి తల్లి శాంతి ఆమె కూతురు. మునెమ్మ నా వెనకాల ఉన్న గంగమ్మను చూస్తూ కొయ్యబారిపోయి ఉంది. ఆ రెండిళ్ళ మనుషులు ఒక కప్పు కింద నిలబడి ముప్పై, నలభై ఏళ్ళయి ఉంటుంది.

గోవిందు కాలు చిన్నప్పుడు ఎద్దులబండి మీద నుంచి పడి అలా అయిందని, చెవి సంగతి మాకెందుకని తాత అన్నాడు. కుర్చీ పక్కన నిలబడ్డ శాంతి తలొంచుకుంది. నాకు అప్పుడు అర్థమైంది, మునెమ్మ నోరు విప్పితే కూతురికి ఏమవుతుందో. నెత్తురు తప్పున్న పిల్లను అంటగట్టారని అత్తవారు అనడానికి ఆ పందిట్లో ఉన్నవాళ్ళంతా సాక్షులు. విప్పకపోతే మనవడి ప్రాణం పోవచ్చు, వాడి చెవికి అప్పటికే ఆచారి పసుపు చుక్క పెట్టి ఉన్నాడు.

గంగమ్మ ముందుకు నడిచి మునెమ్మ చెయ్యి పట్టుకుంది. పేరు పెట్టి పిలవలేదు.

"మేమే మీకు చెప్పకుండా పోతిమి గదే. మీది చెన్నక్క కడుపే. ఆయమ్మ రోకలి పట్టుకోని కూచున్నింది. నువ్వు నోరు తెరువు, చాలు."

మునెమ్మ ఆచారి దగ్గరికి వెళ్ళి చేతిలోని తీగ తీసుకుంది. వియ్యంకుడి వైపు తిరిగింది. గొంతు పెద్దది చేయలేదు గానీ పందిట్లో అందరికీ వినిపించింది.

"వీడి కాలు బండి మీద నించి పడింది కాదు అన్నా. ఊరికే వాస్తాది. ఒక చెవి కుట్టినాక దినాలకొద్దీ నెత్తురు నిలవలేదు. రెండోది నేనే వద్దన్నాను. నా తమ్ముళ్ళు ఇద్దురూ అట్లే పోయినారు. తెలిసి దాచినాను. నా కూతురికి తెలీదు, దాన్ని ఏమీ అనొద్దండి. బిడ్డ చెవి తాకొద్దండి."

తాత భుజం మీది తువ్వాలు తీసి కుర్చీ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆచారి సామాను సర్దుకున్నాడు. భోజనాలు మాత్రం జరిగాయి, వండినవి ఏం చేస్తారు. గోవిందు మేనల్లుడిని ఒళ్ళోంచి దించకుండా అలాగే కూర్చున్నాడు. గంగమ్మ ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగింది. అన్నం తినలేదు.

మర్నాడు ఇద్దరికీ పరీక్షలు చేయించాను. గోవిందుకు తీవ్రమైన హీమోఫీలియా. పిల్లవాడికీ ఉంది. ఆ ముహూర్తానికి రెండు చెవులూ కుట్టి ఉంటే, ఇంట్లో కాఫీపొడి అద్దుకుంటూ ఎన్నాళ్ళు చూసేవాళ్ళో, మా దాకా వచ్చేటప్పటికి ఏం మిగిలేదో నేను చెప్పలేను.

శాంతిని అత్తవారు బిడ్డతో సహా పుట్టింటికి పంపేశారు. మునెమ్మ దేనికి భయపడి ఇన్నేళ్ళు నోరు మూసుకుందో అదే జరిగింది. డాక్టరుగా నేను చేసింది సరైనదే, ఆ పిల్ల ఓపీలో బెంచీ మీద ఒంటరిగా కూర్చుని ఉంటే మాత్రం నాకు కష్టంగా ఉండేది. కొన్ని నెలల తర్వాత ఆమె భర్త ఒక్కడే వచ్చి, ఇంకో బిడ్డ పుడితే వాడికీ వస్తుందా అని అడిగాడు. రావచ్చు, రాకపోవచ్చు, ముందే తెలుసుకునే పరీక్ష ఉంది అని చెప్పాను. రెండోసారి భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. తాత మాత్రం మా ఆసుపత్రి గడప తొక్కలేదు.

వంశపటం పూర్తి చేశాను. ఇద్దరు కూతుళ్ళ శాఖల్లోనూ రోగం కనబడింది కాబట్టి అది పైనుంచే, ఇద్దరికీ ఉమ్మడి అయిన చోటు నుంచే వచ్చి ఉండాలి. చెన్నక్క భర్తకు రోగం ఉండి ఉంటే కూతుళ్ళు వాహకులయ్యేవాళ్ళు గానీ, అతని నుంచి కొడుకులకు వచ్చేది కాదు. కొడుకులిద్దరూ నెత్తురు నిలవకే పోయారు. కాబట్టి చుక్క చెన్నక్క సున్నలోనే పెట్టాలి. పరీక్ష లేకుండానే ఖాయమైన వాహకురాలు అని ఇలాంటి వాళ్ళను మేము రాస్తాం. ఆమె పుట్టిల్లు ఏదో, ఆమెకు అన్నదమ్ములు ఉన్నారో లేదో ఎవరికీ తెలియలేదు. పడమటి నుంచి వచ్చిందని మాత్రమే చెప్పారు. పటంలో అంతకు పైన గీయలేకపోయాను.

తిమ్మరాయప్ప కొన్నాళ్ళు అక్కతో మాట్లాడలేదట. పేరు నేను చెప్పలేదు గదా అని గంగమ్మ వాదన. ఒక రోజు టమాటా లోడుతో ధర్మపురి వచ్చి నా గదికి వచ్చాడు. పటం చూపించి మొదటి నుంచి చెప్పాను. చాలాసేపు చూశాడు. అయితే మా మొక్కు దండగేనా అని అడిగాడు. మీకు వైద్యపరంగా అవసరం లేదన్నాను. అయినా కుట్టం అన్నాడు. తలుపు దాకా వెళ్ళి ఆగి, ఇకమీద ఆడబిడ్డలకు కూడా చెప్పి పంపిస్తాం అని గొణిగాడు. పంపించారు కూడా. ఆ ఇంటి పెళ్ళికూతుళ్ళు ఇద్దరు తర్వాత నా దగ్గరికి వచ్చారు. ఆ శాఖలో వాళ్ళకు ఏ భయమూ లేదని చెప్పి పంపేశాను. ఆ సంవత్సరం చెన్నక్క పూజకు నల్లంపల్లి నుంచి గాజులు వెళ్ళాయని, తిప్పి పంపలేదని సుమతి ద్వారా విన్నాను.

ఈ సంగతి నాకు నేర్పింది ఒక చిన్న విషయం. కుటుంబ చరిత్ర రాసేటప్పుడు మేమంతా, మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని అడుగుతాం. వాళ్ళు లేదంటారు, వాళ్ళ దృష్టిలో అది నిజమే. వాళ్ళ ఇంట్లో కోడలి తల్లి ఉండదు, ఆమె తమ్ముళ్ళు ఉండరు. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్ళు నేను ఆ ప్రశ్న అడగలేదు, నా కింద పనిచేసిన హౌస్ సర్జన్లను అడగనివ్వలేదు. అత్తగారిని బయటికి పంపి, తల్లిని అడగమనేదాన్ని. మీ అమ్మకు ఎందరు అన్నదమ్ములు, అందులో ఎందరు ఉన్నారు, ఎవరికైనా కాలు మడవడం రాదా, రెండు చెవులూ కుట్టించారా. చివరి ప్రశ్నకు చాలామంది వెంటనే జవాబు చెప్పరు. అప్పుడు రెండోసారి అడగకుండా, పెన్ను పక్కన పెట్టి, ఆగేదాన్ని.